మోగేది మాడ్యూల్, మోసేది మణికట్టు: ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు స్టిక్స్ ఎంచుకునే తీరు

డప్పు వాయించేవారి చేతుల్లో రెండు పుల్లలుంటాయి. అవి ఒకేలా ఉండవు. ఒక చేతిలో లావుపాటి సిర్ర, రెండో చేతిలో వేళ్ల కింద అదిమిపట్టిన సన్నని సిటికెన పుల్ల. సిర్ర దెబ్బకు గుండెలదిరే శబ్దం, సిటికెన పుల్ల తాకిడికి చిటపటలాడే శబ్దం వస్తాయి. పుల్ల బరువు మారినా, చర్మం కాగిన తీరు మారినా డప్పు పలుకు మారిపోతుంది. పాశ్చాత్య డ్రమ్ సెట్‌ది కూడా ఇదే దారి. చెక్క మొన ఉన్న స్టిక్‌తో సింబల్‌ను తాకితే కాస్త మెత్తని పలుకు, నైలాన్ మొనతో తాకితే పదునైన పలుకు వస్తాయి. అందుకే డ్రమ్స్ పుస్తకాల్లో స్టిక్స్ గురించి రాసిన సలహాలు ఎక్కువ భాగం శబ్దం చుట్టూ తిరుగుతాయి.

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ ముందు కూర్చున్నాక ఆ సలహాల్లో సగం పనికిరావు. ఇక్కడ స్టిక్ శబ్దాన్ని పుట్టించదు. శబ్దం ముందే రికార్డయి మాడ్యూల్ అనే శబ్దాల పెట్టెలో ఉంటుంది. ఎంత గట్టిగా కొట్టారు, ఎప్పుడు కొట్టారు, ఎక్కడ కొట్టారు అన్న సమాచారం అందించడంతో స్టిక్ పని అయిపోతుంది. కాబట్టి ఏ స్టిక్ బాగా మోగుతుందని దుకాణదారుడిని అడగడంలో అర్థం లేదు. అడగవలసినవి మూడు: చేతికి ఏది సుఖం, ప్యాడ్‌కు ఏది క్షేమం, ఇంటి గోడలకు ఏది నెమ్మది. ఈ అధ్యాయం ఆ మూడింటి మీదే నడుస్తుంది.

ప్యాడ్ కింద ఏం జరుగుతుంది

ఎక్కువ ప్యాడ్లలో పైన కనిపించే రబ్బరు లేదా వల కింద చిన్న బిళ్ల లాంటి పీజో సెన్సర్ ఉంటుంది. దెబ్బకు పుట్టిన కంపనం దానికి తగలగానే అది విద్యుత్ సంకేతంగా మారుతుంది. మాడ్యూల్ ఆ సంకేతం ఎత్తును కొలిచి ఒక అంకె వేస్తుంది. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతి ప్రకారం ఆ అంకె 1 నుంచి 127 దాకా ఉంటుంది. 20 వస్తే మెల్లని దెబ్బకు రికార్డు చేసిన శబ్దం, 120 వస్తే గట్టి దెబ్బకు రికార్డు చేసిన శబ్దం వినిపిస్తాయి.

ఇందులో మొన చెక్కదా నైలాన్‌దా అన్న ప్రశ్నే రాదు. కర్ర హికరీయా మేపులా అన్నదీ మాడ్యూల్‌కు తెలియదు. స్టిక్ గురించి దానికి తెలిసేది దెబ్బలోని శక్తి ఒక్కటే. ఒకే వేగంతో కొట్టినా బరువైన స్టిక్ పెద్ద సంకేతాన్ని, తేలికైన స్టిక్ చిన్న సంకేతాన్ని పంపుతాయి. ఆ తేడాను మాడ్యూల్‌లో సెన్సిటివిటీ మార్చి సరిదిద్దుకోవచ్చు. శబ్దం పెద్దగా రావాలంటే లావు స్టిక్ కావాలన్న పాత సూత్రం ఇక్కడ చెల్లదు. వాల్యూమ్ మీట ఉండగా మణికట్టును శ్రమపెట్టనక్కర్లేదు.

గట్టి ప్యాడ్ నేర్పిన పాఠం

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ చరిత్ర చూస్తే మణికట్టు సంగతి ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. 1981లో బ్రిటన్‌కు చెందిన సిమన్స్ కంపెనీ ఎస్‌డీఎస్-5 అనే కిట్ తెచ్చింది. ఆరు పలకల ఆకారంలో ఉన్న ఆ ప్యాడ్లు ఆ దశాబ్దపు పాప్ వీడియోలలో విరివిగా కనిపించేవి. వాటి పైభాగం పాలీకార్బొనేట్. అల్లర్లప్పుడు పోలీసులు అడ్డుపెట్టుకునే డాళ్లను తయారుచేసే పదార్థం అదే. చూడటానికి అందంగా ఉన్నా వాయించేవారి మణికట్లకు, మోచేతులకు నొప్పులు తెచ్చిపెట్టింది. దెబ్బలోని శక్తిని మింగే గుణం ఆ ప్యాడ్‌కు లేకపోవడంతో అదంతా స్టిక్ గుండా తిరిగి చేతికే చేరేది. తర్వాతి కిట్లలో కంపెనీ రబ్బరు పైపొరకు మారక తప్పలేదు.

1997లో రోలాండ్ టీడీ-10 కిట్‌తో వల అల్లిక ఉన్న మెష్ హెడ్లు వచ్చాయి. డ్రమ్ హెడ్ల తయారీలో పేరున్న రీమో కంపెనీతో కలిసి చేసినవవి. డ్రమ్ములాగే బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. చప్పుడు తక్కువ. ఇప్పుడు ప్రారంభ స్థాయి కిట్లలో కూడా మెష్ వచ్చేసింది. యమహా తన ఖరీదైన కిట్లలో సిలికోన్ పైపొర వాడుతోంది. చవక కిట్లలో, సింబల్ ప్యాడ్లలో, స్టాండ్ మీద నిలబెట్టే ఆక్టోప్యాడ్లలో రబ్బరే ఉంటుంది.

స్టిక్ ఎంచుకునే ముందు తన ముందున్నది ఈ మూడింటిలో ఏదో చూసుకోవాలి. రబ్బరు గట్టిగా ఉంటుంది, స్టిక్‌ను వేగంగా వెనక్కి తోస్తుంది, అదురును చేతికి పంపుతుంది. మెష్ ఇంకా ఎక్కువగా ఎగరేస్తుంది కానీ అదురు తక్కువ. సిలికోన్ ఈ రెంటికీ మధ్యలో ఉండి కాస్త మెత్తగా తగులుతుంది. రబ్బరు మీద రోజూ గంటసేపు వాయించేవారికి బరువైన, ముందువైపు బరువు మొగ్గిన స్టిక్ సాయంత్రానికి మణికట్టు పట్టేలా చేస్తుంది. మెష్ మీద అదే స్టిక్ అంత బాధ పెట్టదు.

5ఏ, 5బి, 7ఏ: అంకెల వెనక

స్టిక్ మీద ముద్రించిన అంకె, అక్షరం కొత్తవారిని కంగారు పెడతాయి. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినది అమెరికా డ్రమ్స్ తయారీదారు విలియం లుడ్విగ్. ఎస్ అంటే వీధి కవాతుకు, బి అంటే బ్యాండ్‌కు, ఏ అంటే ఆర్కెస్ట్రాకు. ఆర్కెస్ట్రాకు ఓ అక్షరం పెట్టాల్సింది, ముద్రణలో ఏ అందంగా కనిపిస్తుందని దాన్ని ఎంచుకున్నారని చెబుతారు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ స్టిక్ సన్నబడుతుంది. ఒకే అంకెలో ఏ కన్నా బి లావు.

కొలతలు చూస్తే తేడా స్పష్టమవుతుంది. విక్ ఫర్త్ కంపెనీ 5ఏ పొడవు 16 అంగుళాలు, మందం 0.565 అంగుళాలు, అంటే సుమారు 14.4 మిల్లీమీటర్లు. 5బి పొడవు అంతే, మందం 0.595. 7ఏ పొడవు పదిహేనున్నర అంగుళాలు, మందం 0.540. 2బి మందం 0.630, అంటే 16 మిల్లీమీటర్లు. వీటిలో అన్నిటికన్నా సన్నని స్టిక్‌కూ లావైనదానికీ మధ్య తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. వినడానికి చిన్న తేడా. వేలల్లో దెబ్బలు వేసే చేతికి మాత్రం అది పెద్ద తేడా.

ఇంకో చిక్కుంది. అన్ని కంపెనీల 5ఏలు ఒకటి కావు. ప్రోమార్క్ క్లాసిక్ 5ఏ మందం 0.551 అంగుళాలు. వేటర్ లాస్ ఏంజిలెస్ 5ఏ 0.570. ఒక కంపెనీ 5ఏ చేతికి సన్నగా తగిలినంత మాత్రాన 5ఏ మొత్తాన్నే పక్కన పెట్టనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొనేవారు పేరును కాకుండా పొడవు, మందం అంకెలను చూడటం అలవాటు చేసుకోవాలి.

సన్నని స్టిక్ అంటే ఎప్పుడూ సుఖమేననుకోవడం పొరపాటు. చేతికి మరీ సన్నగా ఉన్న స్టిక్ జారిపోతుందన్న భయంతో వేళ్లు తెలియకుండానే బిగుసుకుంటాయి. బిగుసుకున్న పిడికిలి స్టిక్‌ను తిరిగి లేవనివ్వదు. లేవని స్టిక్‌లోని అదురంతా మణికట్టులోకి దిగుతుంది. పెద్ద అరచేయి ఉన్నవారికి 7ఏ వల్ల నొప్పి వచ్చి, 5బి పట్టుకోగానే తగ్గడం ఇందుకే. బొటనవేలు, చూపుడువేలి మధ్య స్టిక్‌ను వదులుగా పట్టుకుంటే మిగతా వేళ్లు దాన్ని తాకీ తాకనట్టు చుట్టుకోవాలి. అలా చుట్టుకునే మందమే ఆ చేతికి సరైన మందం.

కర్ర జాతి

స్టిక్స్‌కు వాడే కర్రలు ప్రధానంగా మూడు. ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో పెరిగే హికరీ మొదటిది. గట్టిదనం, అదురును మింగే గుణం రెండూ ఉండటంతో దుకాణాల్లో ఎక్కువ స్టిక్స్ దీనివే. రెండోది మేపుల్. ఒకే కొలతలో హికరీ కన్నా తేలిక. మూడోది ఓక్. బరువు, గట్టిదనం ఎక్కువ. హ్యూస్టన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపిన హెర్బ్ బ్రాక్‌స్టీన్ 1957లో ప్రోమార్క్ పెట్టి, జపాన్ ఓక్‌తో చేసిన స్టిక్స్‌కు అమెరికాలో పేరు తెచ్చాడు.

మామూలు డ్రమ్స్ వాయించేవారు మేపుల్ అంటే వెనకాడతారు. ఇత్తడి, కంచు సింబల్స్ అంచులు దాన్ని తొందరగా కొరికేస్తాయి. ఎలక్ట్రానిక్ కిట్‌లో లోహపు అంచులు ఉండవు, రబ్బరు అంచులే. అందువల్ల ఇక్కడ ఏ స్టిక్ అయినా చాలా ఎక్కువ కాలం వస్తుంది. ఎక్కువ మన్నుతుందని ఓక్ కొనాల్సిన పని లేదు, తొందరగా విరుగుతుందని మేపుల్‌ను వదులుకోవాల్సిన పనీ లేదు. లావు స్టిక్ పట్టు కావాలి, బరువు మాత్రం వద్దనుకునేవారికి మేపుల్ 5బి మంచి దారి. అరచేయి నిండుతుంది, మణికట్టు మీద భారం తగ్గుతుంది. రబ్బరు ప్యాడ్లు వాయించేవారు దీన్ని ఒకసారైనా ప్రయత్నించి చూడాలి. అదురు ఎక్కువ బాధిస్తే హికరీకి తిరిగి రావచ్చు.

ప్యాడ్ ఆయుష్షు మొనలో ఉంది

నైలాన్ మొన పుట్టింది 1958లో. నయాగరా ఫాల్స్ పట్టణంలో రీగల్ టిప్ కంపెనీ పెట్టిన జో కలాటో చెక్క మొనలు అరిగిపోవడం చూసి ఈ ఉపాయం కనిపెట్టాడు. అప్పుడది స్టిక్ ఆయుష్షు పెంచడానికి. ఎలక్ట్రానిక్ కిట్ల కాలంలో అదే మొన ప్యాడ్ ఆయుష్షు పెంచడానికి పనికొస్తోంది.

చెక్క మొన వాడేకొద్దీ దాని పోగులు లేస్తాయి. సన్నని పెచ్చులు ఊడతాయి. ఆ గరుకు అంచు మెష్ దారాలను రాపాడిస్తుంది. కొన్నాళ్లకు వల మధ్యలో నూగు లేచినట్టు కనిపిస్తుంది, తర్వాత చిరుగుతుంది. నున్నని నైలాన్ మొనకు ఆ సమస్య తక్కువ. అయితే నైలాన్ పగలదని కాదు. పగిలిన నైలాన్ అంచు చెక్క పెచ్చు కన్నా పదునైనది. వారానికోసారి మొన మీద వేలితో తడిమి చూడటం, వదులైతే మార్చడం తప్పనిసరి.

చెక్క మొన స్పర్శే ఇష్టమైతే నిషేధమేమీ లేదు. కొత్త జతను ఎలక్ట్రానిక్ కిట్‌కే కేటాయించాలి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అలవాటు, బయట కచేరీలో నిజమైన సింబల్స్ మీద వాయించిన స్టిక్స్‌ను సంచిలోంచి తీసి ఇంట్లో మెష్ మీద వాడటం. సింబల్ అంచు కొరికిన స్టిక్ భుజం రంపపు పళ్లలా ఉంటుంది. రెండు సంచులు, రెండు జతలు పెట్టుకోవడం కొత్త మెష్ కొనడం కన్నా చవక.

మొన ఆకారాల గురించి మామూలు డ్రమ్స్ పుస్తకాలు పేజీలు నింపుతాయి. గుండ్రం, కోడిగుడ్డు, పీపా, కన్నీటి చుక్క. సింబల్ మీద వీటి పలుకులు వేరు. ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద ఆ తేడా వినిపించదు. చూడాల్సింది ఒక్కటే: మరీ చిన్న మొన దెబ్బనంతా ఒకే బిందువు మీద మోపుతుంది. గుండ్రని లేదా పీపా ఆకారపు మొన దెబ్బను కాస్త విశాలంగా పరుస్తుంది. మెష్‌కు అది మేలు.

ఇక వాడకూడనివి. లోహపు తీగల బ్రష్ మెష్ కన్నాల్లో చిక్కుకుంటుంది. రంగు పూసిన స్టిక్స్ రబ్బరు సింబల్స్ మీద మరకలు వదులుతాయి. 2016లో టీడీ-50తో పాటు రోలాండ్ తెచ్చిన డిజిటల్ స్నేర్, రైడ్ ప్యాడ్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. అవి చెయ్యి తాకడాన్ని కూడా గుర్తించే సెన్సర్లతో పనిచేస్తాయి. వాటి మీద చెక్క లేదా ప్లాస్టిక్ స్టిక్స్ మాత్రమే వాడాలని, కార్బన్, లోహపు స్టిక్స్ వాడితే సెన్సర్ తప్పుగా పనిచేయవచ్చని, పాడయ్యే ప్రమాదమూ ఉందని కంపెనీ మాన్యువల్‌లోనే రాసింది. కార్బన్ ఫైబర్ స్టిక్స్ జీవితకాలం వస్తాయన్న ప్రకటన చూసి కొనేముందు మాన్యువల్‌లో ఆ పేజీ చదవాలి.

ఆక్టోప్యాడ్ వాయించేవారి లెక్క వేరు

తెలుగునాట ఎలక్ట్రానిక్ డ్రమ్స్ అంటే ఎక్కువమంది కళ్ల ముందు మెదిలేది పూర్తి కిట్ కాదు, స్టాండ్ మీద నిలబెట్టిన ప్యాడ్. పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రాల్లో, వినాయక చవితి పందిళ్లలో, కోస్తా జిల్లాల చర్చిల్లో కీబోర్డు పక్కన అదే ఉంటుంది. రోలాండ్ తొలి ఆక్టోప్యాడ్ 1985లో వచ్చినప్పుడు దానికి సొంత శబ్దాలే లేవు. వేరే యంత్రాన్ని మోగించడానికి ఉపయోగపడే ఎనిమిది రబ్బరు ప్యాడ్లు అంతే. తర్వాతి మోడళ్లలో తబలా వంటి శబ్దాలు చేరాయి. ఇవాళ ఏ కంపెనీ ప్యాడ్‌నైనా చాలామంది ఆక్టోప్యాడ్ అనే పిలుస్తారు.

దీని మీద ప్యాడ్లు చిన్నవి, పక్కపక్కనే ఉంటాయి. చెయ్యి ఎక్కువ ఎత్తు లేవదు, దూరం జరగదు. పదహారు అంగుళాల లావు స్టిక్‌తో ఇక్కడ రెండు ఇబ్బందులు. మొదటిది, పక్క ప్యాడ్‌కు తగలడం. రెండోది క్రాస్‌టాక్. ఒక ప్యాడ్ మీద పడ్డ బరువైన దెబ్బ పెట్టె మొత్తాన్ని కదిలించి, పక్క ప్యాడ్‌లోని సెన్సర్‌ను కూడా మేల్కొల్పుతుంది. కొట్టని తబలా మోగుతుంది. 7ఏ లాంటి తేలికైన, పొట్టి స్టిక్‌తో సెన్సిటివిటీ కాస్త పెంచుకుని వాయిస్తే ఈ రెండూ తగ్గుతాయి. తబలా, ఢోలక్ శబ్దాలను వేగంగా పలికించే జానపద, భక్తి గీతాలకు కూడా తేలికైన స్టిక్ అనువు. పాట మధ్యలో ఒక స్టిక్ పక్కన పెట్టి వేళ్లతో వాయించేవారు చేతి దెబ్బకు, స్టిక్ దెబ్బకు వేర్వేరు సెట్టింగులు దాచుకోవాలి. రెంటికీ ఒకే సెట్టింగ్ పెడితే స్టిక్ దెబ్బ చెవులు చిల్లులు పడేలా మోగుతుంది లేదా వేలి దెబ్బ వినపడదు.

నిలబడి మూడు నాలుగు గంటలు వాయించే ఆర్కెస్ట్రా వారికి చెమట పెద్ద సమస్య. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఆరుబయట వేదికల మీద వార్నిష్ పూసిన స్టిక్ కొందరి చేతిలో అంటుకుంటుంది, కొందరి చేతిలో జారుతుంది. వార్నిష్ లేని ముడికర్ర స్టిక్స్ కూడా దొరుకుతాయి. అవి చెమటను కొంత పీల్చుకుంటాయి. పట్టు కోసం టేపు చుట్టుకోవడం ఇంకో దారి. టేపు వల్ల మందం, వెనకవైపు బరువు రెండూ పెరుగుతాయి కనుక ఒక మెట్టు సన్నని స్టిక్‌కు చుట్టుకోవడం మంచిది.

పక్క ఫ్లాట్ నిద్ర

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదన్న నమ్మకంతో అపార్ట్‌మెంట్లలో ఎలక్ట్రానిక్ కిట్ కొంటారు. వాయించేవారికి వినపడనిది ఇంట్లోవాళ్లకు వినిపిస్తూనే ఉంటుంది. రబ్బరు సింబల్ మీద స్టిక్ చేసే టకటక అది. కింది ఫ్లాట్‌కు చేరేది బాస్ పెడల్ అదురు. దానికి స్టిక్‌తో సంబంధం లేదు, కింద మందపాటి చాపో, అదురును ఆపే అరుగో కావాలి. టకటక మాత్రం స్టిక్ చేతిలోని పనే. స్టిక్ తేలికయ్యేకొద్దీ, దెబ్బ ఎత్తు తగ్గేకొద్దీ అది తగ్గుతుంది.

హెడ్‌ఫోన్ వాల్యూమ్ తక్కువ పెట్టుకున్నవారు గట్టిగా కొడతారు. వినపడట్లేదని చెయ్యి ఎత్తు పెంచుతారు. అందుకని రాత్రిపూట సాధనకు ముందు సెన్సిటివిటీని పెంచి, తక్కువ దెబ్బకే నిండు శబ్దం వచ్చేలా అమర్చుకుని, 7ఏతో వాయించడం తెలివైన పద్ధతి. ఆ అమరికను వేరే కిట్ పేరుతో దాచుకుంటే పగలు మళ్లీ మామూలు అమరికకు రావచ్చు.

పేరున్న స్టిక్, మన చెయ్యి

ప్రసిద్ధుల సంతకంతో వచ్చే స్టిక్స్ ఆకర్షణ పెద్దది. అమెరికన్ డ్రమ్మర్ స్టీవ్ గాడ్ పేరుతో విక్ ఫర్త్ అమ్మే నల్లని స్టిక్ పొడవు పదిహేనుముప్పావు అంగుళాలు, మందం 0.550, మొన పీపా ఆకారం. ఆ కొలతలు గాడ్ చేతికి, నిజమైన డ్రమ్స్ మీద ఆయన కోరుకునే పలుకుకు సరిపోయినవి. ఎలక్ట్రానిక్ ప్యాడ్ ఆ పలుకును ఇవ్వలేదు. మిగిలేది కొలత ఒక్కటే. ఆ కొలత తన చేతికి సరిపోతే కొనవచ్చు, సంతకం కోసం కొంటే డబ్బు వృథా.

విక్ ఫర్త్ కంపెనీ పుట్టుక దీనికి ఎదురు ఉదాహరణ. విక్ ఫర్త్ బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపానీ వాయించేవాడు. అక్కడ అవసరమైనంత స్పష్టత మార్కెట్లో దొరికే స్టిక్స్‌తో రావడం లేదని తనకు కావలసినవి తనే చేయించుకున్నాడు. శిష్యులు, తోటివారు తమకూ కావాలన్నారు. 1963లో అది కంపెనీ అయింది. ఆయన ఎవరినీ అనుకరించలేదు, ముందున్న పనికి ఏం కావాలో చూసుకున్నాడు.

దుకాణంలో పది నిమిషాలు

ఆన్‌లైన్‌లో తొలి జత కొనడం కన్నా సంగీత పరికరాల దుకాణానికి వెళ్లడం మేలు. చూడాల్సినవి ఎక్కువేం లేవు.

గాజు కౌంటర్ మీద స్టిక్‌ను దొర్లించాలి. మొన పైకీ కిందికీ ఊగితే అది వంకర. నిటారుగా దొర్లేవే తీసుకోవాలి. కర్ర గీతలు పిడి నుంచి మొన దాకా పొడవునా సాగాలి. అడ్డంగా బయటికి పోయిన గీత ఉంటే విరిగేది అక్కడే. తర్వాత రెండు స్టిక్స్‌తో ఒకదాని తర్వాత ఒకటి చెక్క బల్ల మీద తట్టి వినాలి. ఒకటి టిక్‌మని, ఇంకోటి టొక్‌మని అంటే వాటి సాంద్రతలు వేరు. ఎలక్ట్రానిక్ ప్యాడ్‌కు స్వరభేదం పట్టదు కానీ బరువు భేదం పడుతుంది. ఎడమ చేతి దెబ్బలు ఎందుకు చిన్నగా వస్తున్నాయని నెలల తరబడి తల పట్టుకునేవారిలో కొందరి సమస్య చేతిలో కాదు, జత కుదరని స్టిక్స్‌లో ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా ఉంటే రెంటినీ తూచి చూడవచ్చు. హికరీ 5ఏ ఒక్కోటి సుమారు 50 నుంచి 55 గ్రాములు తూగుతుంది. జతలో ఒకటి రెండు గ్రాముల తేడా పరవాలేదు, ఐదారు గ్రాములుంటే మార్చుకోవాలి. పెద్ద కంపెనీలు బరువు, స్వరం చూసి జత కడతాయి. కిట్‌తో ఉచితంగా వచ్చే జతకు ఆ హామీ ఉండకపోవచ్చు.

ఆఖరిది బ్యాలెన్స్. చూపుడువేలి మీద స్టిక్‌ను అడ్డంగా నిలబెడితే అది ఆగే చోటు తెలుస్తుంది. మెడ పొడవుగా సన్నబడే స్టిక్ వెనక్కి బరువుగా, చురుగ్గా కదులుతుంది. మెడ పొట్టిగా ఉంటే బరువు ముందుకు మొగ్గి దెబ్బ గట్టిగా పడుతుంది. మెష్ ఎలాగూ స్టిక్‌ను ఎగరేస్తుంది కనుక అక్కడ ముందు బరువు కాస్త ఉన్నా ఇబ్బంది లేదు. రబ్బరు మీద వెనక బరువే హాయి.

ఇంటికి తెచ్చాక

స్టిక్ మార్చినప్పుడల్లా మాడ్యూల్ అమరిక ఒకసారి చూసుకోవాలి. వరుస ఇదీ. ముందు థ్రెషోల్డ్: అతి మెల్లని దెబ్బ కూడా పలకాలి, కొట్టనప్పుడు మాత్రం ఏదీ పలకకూడదు. తర్వాత సెన్సిటివిటీ: తన గట్టి దెబ్బకు మాత్రమే మీటర్ చివరి గీతను తాకాలి. మామూలు దెబ్బకే తాకుతుంటే సెన్సిటివిటీ తగ్గించాలి, లేకపోతే అన్ని దెబ్బలూ ఒకే ఎత్తులో మోగుతాయి. ఒక దెబ్బకు రెండు శబ్దాలు వస్తుంటే రీట్రిగ్గర్ అమరికను సవరించాలి. 7ఏ నుంచి 5బికి మారినవారు ఈ పని చేయకపోతే తమ వాయిద్యంలో సున్నితత్వం పోయిందని అనుమానపడతారు.

కొత్త జతకు కనీసం రెండు వారాలు ఇవ్వాలి. ఆ రెండు వారాల్లో సీటు ఎత్తు, ప్యాడ్ కోణం మార్చకూడదు. అన్నీ ఒకేసారి మారిస్తే నొప్పి తగ్గడానికో పెరగడానికో కారణం ఏదో తేలదు. సాధన తర్వాత కాసేపటికి తగ్గే అలసట మామూలే. మరుసటి రోజు దాకా ఉండే నొప్పి, వేళ్లలో తిమ్మిరి స్టిక్ మారిస్తే పోయేవి కావు. వాయించడం ఆపి వైద్యుడికి చూపించుకోవాలి.

ముందు ముందు నిజమైన డ్రమ్స్ మీదకు వెళ్లాలనుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మెష్ స్టిక్‌ను తనంతట తానే పైకి పంపుతుంది, వదులుగా బిగించిన ఫ్లోర్ టామ్ అలా పంపదు. మెష్ మీద 7ఏతో మెరుపులా వాయించినవారు అక్కడ తడబడతారు. వారు ఇంట్లో కూడా 5ఏ కన్నా సన్నగా వెళ్లకపోవడం, మెష్‌ను కాస్త వదులు చేసుకోవడం మంచిది.

ఎవరికి ఏ జత

మెష్ కిట్‌తో మొదలుపెట్టే పెద్దవారికి హికరీ 5ఏ, నైలాన్ మొన. రబ్బరు కిట్ అయితే మేపుల్ 5ఏ లేదా హికరీ 7ఏ. పెద్ద అరచేతుల వారికి మేపుల్ 5బి. ఆక్టోప్యాడ్‌కు హికరీ 7ఏ. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పెద్దల స్టిక్స్‌ను కోసి ఇవ్వకూడదు, బ్యాలెన్స్ పోతుంది. వారి కోసమే 13 అంగుళాల స్టిక్స్ దొరుకుతాయి. తేల్చుకోలేనివారు ఒక ఖరీదైన సిగ్నేచర్ జత బదులు 7ఏ, 5ఏ, 5బి మూడు మామూలు జతలు కొని, ఒకే పాటను మూడింటితో వాయించి, పాట చివర ఏ జతతో చెయ్యి వదులుగా ఉందో చూసుకోవచ్చు. మిగిలిన రెండు జతలు వృథా కావు. ఒకటి రాత్రి సాధనకు, ఒకటి స్నేహితుడి ఇంట్లో నిజమైన డ్రమ్స్‌కు పనికొస్తాయి.

స్టిక్స్‌ను కారు వెనక సీట్లో ఎండకు వదిలేస్తే వంగుతాయి. పరిచి గానీ సంచిలో నిటారుగా గానీ నీడలో ఉంచాలి. వేలికి గరుకుగా తగిలే చెక్క మొనను మెష్ నుంచి తప్పించి రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్‌కు వాడుకోవచ్చు. నైలాన్ మొన పగిలితే మాత్రం ఆ జతను అదే రోజు కిట్ దగ్గర నుంచి తీసేయాలి.